ఇంటిల్లిపాదితో విశాఖ–భీమిలి తీరంలో ఒక పూట నడక: ఎలా సిద్ధం కావాలి, ఎలా నడవాలి

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం (భీమిలి) వెళ్లే బీచ్ రోడ్డు మీద సెలవు రోజుల్లో వెళ్లే కుటుంబాలు చాలావరకు సముద్రాన్ని కారు కిటికీలోంచే చూసి, ఎక్కడో ఒకచోట ఆగి నాలుగు ఫొటోలు తీసుకుని, టిఫిను తిని తిరిగి వచ్చేస్తాయి. ఆ రోడ్డుకు కూతవేటు దూరంలోనే అయిదారేళ్ల పిల్లల నుంచి డెబ్బై ఏళ్ల పెద్దల వరకు అందరూ కలిసి నడవగలిగిన చోట్లు ఉన్నాయి. గాలి కుప్పపోసిన ఎర్ర ఇసుకతో ఏర్పడిన ఎర్రమట్టి దిబ్బలు, పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ, దాని దిగువన మంగమారిపేట ఒడ్డున సముద్రం తొలిచిన రాతి తోరణం, ఊరికి ఇంకా దగ్గరగా జాతీయ రహదారి పక్కన కంబాలకొండ అడవి. వీటిలో దేనికీ పర్వతారోహణలో శిక్షణ అక్కరలేదు, ఖరీదైన సామాను అక్కరలేదు. అయితే ఏ సన్నాహమూ లేకుండా వెళ్తే మాత్రం అతి సులువైన నడక కూడా ఇంట్లో ఒకరిద్దరికి చేదు జ్ఞాపకంగా మిగిలిపోతుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. మొదటిసారి మా నాన్నగారిని, ఆరేళ్ల మా అమ్మాయిని ఎర్రమట్టి దిబ్బలకు తీసుకువెళ్లినప్పుడు మేము అక్కడికి చేరేసరికి ఉదయం పది దాటింది. నా చేతిలో ఉన్నది ఒక్క లీటరు నీళ్ల సీసా. పావుగంట నడిచేసరికి నాన్నగారు ఏమీ అనకుండా ఒక తాటిచెట్టు నీడలో కూర్చుని, చెప్పులు విప్పి, అందులో చేరిన ఇసుకను నెమ్మదిగా దులుపుకోవడం మొదలుపెట్టారు. ఆయన ముఖం ఎర్రబడింది, చొక్కా వీపుకు అంటుకుపోయింది, అయినా "మీరు చూసి రండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. పెద్దవాళ్లు అలసిపోయామని చెప్పరు, పిల్లలు అలసిపోయామని తెలుసుకోలేరు. అందువల్ల ఇంటిల్లిపాది నడకను అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారుచేయాలి, మిగిలినవారంతా ఆ మనిషి అడుగుకు అడుగు కలపాలి. కింద చెప్పబోయేదంతా ఈ ఒక్క సూత్రం మీద ఆధారపడి ఉంది.

మొదటి పని: ఎవరు వస్తున్నారో చూసి చోటును ఎంచుకోవడం

చోటును ముందు నిర్ణయించి ఆ తరువాత అందరినీ బయలుదేరదీయడం మనలో చాలామంది చేసే పొరపాటు. ముందుగా వచ్చేవారి జాబితా రాసుకోండి. మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, గుండె జబ్బుకో రక్తపోటుకో మందులు వాడేవారు, ఎత్తుకోవలసిన పసిపిల్లలు, గర్భిణులు ఎవరైనా ఉన్నారా అన్నది చూసుకున్నాకే చోటు గురించి ఆలోచించండి.

మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు ఉంటే తొట్లకొండ మంచిది. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండ పైదాకా వాహనం వెళ్లే తారు రోడ్డు ఉంది కనుక, ఓపిక ఉన్నవారు కింద నుంచి నడిచి వస్తుంటే పెద్దవాళ్లు బండిలో పైకి చేరి అక్కడ అందరినీ కలుసుకోవచ్చు. దిగేటప్పుడు మాత్రం మోకాళ్లకు ఎక్కేటప్పటికన్నా ఎక్కువ బాధ కలుగుతుందని గుర్తుంచుకోండి. "ఎక్కగలిగాను కదా, దిగడం ఎంతసేపు" అనే ధీమాతో పెద్దవాళ్లు బండిని కిందికి పంపించేయమంటే మొగమాటానికి ఒప్పుకోవద్దు.

అయిదేళ్లు దాటిన పిల్లలు ఎక్కువమంది ఉంటే ఎర్రమట్టి దిబ్బలను మించిన చోటు లేదు, ఎందుకంటే అక్కడ ప్రతి మలుపులోనూ కొత్తది కనబడుతుంది. కానీ నడిచేది వదులు ఇసుకలో కనుక ఒక కిలోమీటరు రెండు కిలోమీటర్ల శ్రమ పెడుతుంది. పసిపిల్లలను కూర్చోబెట్టి తోసుకువెళ్లే బండి అక్కడ ఒక్క గజం కూడా కదలదు. ఎత్తుకునే పిల్లలుంటే భుజానికి కట్టుకునే సంచీలాంటి జోలెను వెంట తీసుకువెళ్లండి, లేదా ఆ చోటును మరో ఏడాదికి వాయిదా వేయండి.

ఎండకు తట్టుకోలేనివారు ఉంటే కంబాలకొండకు వెళ్లండి. అక్కడ నీడ ఉంటుంది, అటవీ శాఖ సిబ్బంది ఉంటారు, గుర్తులు పెట్టిన దారులు ఉంటాయి.

సొంత వాహనం లేనివారు రైల్వే స్టేషను నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె సిటీ బస్సులో తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల వైపు వెళ్లవచ్చు. తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నీడ లేని చోట నిలబడవలసి రావచ్చు కనుక, ఆ నిరీక్షణను కూడా నడక సమయంలోనే కలుపుకుని లెక్క వేసుకోండి.

రోజును, వేళను నిర్ణయించడం

విశాఖ తీరంలో నడకకు అనువైన కాలం నవంబరు నెల సగం గడిచినప్పటి నుంచి ఫిబ్రవరి చివరి వరకు. మార్చి నుంచి జూన్ దాకా ఎండతో పాటు ఉక్క కూడా ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట పడుతుందే కానీ ఆరదు, చెమట ఆరకపోతే ఒంటి వేడి దిగదు. అందువల్ల థర్మామీటరులో అంకె రాయలసీమకన్నా తక్కువ చూపినా ఇక్కడ మనిషి త్వరగా సొమ్మసిల్లుతాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ఈ కొండల మీద చెట్లు ఎలా నేలకూలాయో ఇక్కడివారికి మరుపురాదు. ఆ నెలల్లో బయలుదేరే ముందు రోజు రాత్రి, మళ్లీ ఆ రోజు ఉదయం వాతావరణ శాఖ హెచ్చరికలను చూడండి. వాన వెలిసిన మరునాడు ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లవద్దు, కారణం తరువాత వివరిస్తాను.

ఇక వేళ విషయానికి వస్తే, మన తీరం దేశానికి తూర్పున ఉంది కనుక పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా కుంగుతుంది. డిసెంబరులో ఉదయం ఆరుంబావుకల్లా చక్కగా వెలుగు వస్తుంది, సాయంత్రం అయిదున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. సాయంత్రపు నడకలు చూడటానికి అందంగా ఉన్నా, పిల్లలతో వెళ్లేవారికి నేను వాటిని సిఫారసు చేయను. ఉదయం ఆలస్యమైతే ఎదురయ్యేది ఎండ మాత్రమే, సాయంత్రం ఆలస్యమైతే ఎదురయ్యేది చీకటి. ఆరున్నరకు నడక మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా బండి దగ్గరకు చేరుకునేటట్టు చూసుకోండి. అందుకు ఇంట్లో అయిదింటికి లేవాలి, పిల్లల బట్టలు, బూట్లు, సీసాలు ముందు రోజు రాత్రే సిద్ధంగా ఉండాలి.

మంగమారిపేట రాతి తోరణాన్ని చూడదలిస్తే వేళను నిర్ణయించేది గడియారం కాదు, సముద్రం. తూర్పు తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఒక రోజుకూ మరుసటి రోజుకూ ఆ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కనుక, పోయిన ఆదివారం ఏడు గంటలకు బండలు బయటపడి ఉన్నాయి కదా అని ఈ ఆదివారం అదే వేళకు వెళ్తే నీళ్లు కనబడవచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరలో నీరు బాగా ముందుకు వస్తుంది, అలాగే బాగా వెనక్కీ వెళుతుంది. హైదరాబాదులో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఆటుపోట్ల వేళలను, అలల హెచ్చరికలను వెలువరిస్తుంది. వాటిని చూసుకున్నాక కూడా ఒడ్డున వలలు సరిచేసుకుంటున్న మత్స్యకారులను ఒక్కమాట అడగండి. మంగమారిపేట వారి ఊరు, ఆ నీటి స్వభావం వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

సమయాన్ని లెక్క కట్టడం

కొండనడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేయడానికి 1892లో స్కాట్లాండుకు చెందిన విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పాడు. ఆయన మైళ్లలో, అడుగుల్లో చెప్పినదాన్ని మన కొలతల్లోకి మార్చుకుంటే, చదునైన దూరానికి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున వేసుకుని, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట కలపాలి. ఉదాహరణకు 2 కిలోమీటర్ల దూరం, 128 మీటర్ల ఎక్కుడు అనుకుంటే దూరానికి 24 నిమిషాలు, ఎత్తుకు సుమారు 13 నిమిషాలు, మొత్తం 37 నిమిషాలు అవుతుంది. ఇది బాగా అలవాటున్న, ఆగకుండా నడిచే మనిషి లెక్క. పిల్లలు, పెద్దలు కలిసిన కుటుంబానికి దానిని రెట్టింపు చేయండి, ఇసుక నేల అయితే మరో సగం కలపండి. పిల్లలు చీమల బారు కనబడితే ఆగుతారు, గవ్వ దొరికితే కూర్చుంటారు. నడకకు వచ్చిందే అందుకోసం కనుక ఆ ఆగడాలను ఆలస్యంగా భావించకుండా సమయంలోనే చేర్చుకోండి.

దీనికి తోడు వెనుతిరిగే వేళను ఇల్లు కదలకముందే నిర్ణయించి, అందరికీ వినబడేలా చెప్పండి. మూడు గంటల నడక అనుకుంటే మొదటి గంట పూర్తికాగానే, అనుకున్న చోటు కనుచూపు మేరలో ఉన్నా సరే, వెనక్కి తిరగవలసిందే. మిగిలిన రెండు గంటలు అలసిన కాళ్లతో తిరిగి రావడానికీ, దారిలో కూర్చుని తినడానికీ సరిపోతాయి. "ఇంకొక్క మలుపు" అని అడిగేది ఎప్పుడూ ఇంట్లో అందరికన్నా బలంగా ఉన్నవారే. వారి కోరికను మన్నిస్తే ఆ భారం పడేది అందరికన్నా బలహీనంగా ఉన్నవారి మీద.

సంచిలో ఏమేమి ఉండాలి

నీళ్లు అన్నింటికన్నా ముఖ్యం. పెద్దవాళ్లకు గంటకు అర లీటరు చొప్పున, పిల్లలకు అందులో సగానికి తగ్గకుండా లెక్క వేసి, వచ్చిన మొత్తానికి ఒక లీటరు అదనంగా కలుపుకోండి. దిబ్బల్లో ఎక్కడా తాగునీరు దొరకదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ ఒక సీసా ఉంటే పెద్దవాళ్లు నీళ్లకన్నా దానిని ఇష్టంగా తాగుతారు. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు పెట్టుకోండి. అవి లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపితే అదే పని చేస్తుంది. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా, కొలత తలకొట్టినట్టు సమంగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు మేలుకు బదులు కీడు జరుగుతుంది. మధుమేహం, రక్తపోటు, మూత్రపిండాల సమస్యలు ఉన్నవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవడం మంచిది.

తిండి విషయంలో మన వంటిల్లు మనకు చాలా సాయం చేస్తుంది. చింతపండు పులుసుతో చేసిన పులిహోర పొద్దున కలిపితే మధ్యాహ్నం దాకా చెడిపోదు. దద్దోజనం అంతసేపు నిలవదు కనుక తొమ్మిదిలోపు తినేటట్లయితేనే తీసుకువెళ్లండి. దారి మధ్యలో చేతికి అందివ్వడానికి వేరుశనగ ఉండలు, వేయించిన సెనగలు, జంతికలు, అరటిపళ్లు బాగుంటాయి. పిల్లలకు ఆకలి వేసేదాకా ఆగకుండా ముప్పావుగంటకు ఒకసారి కొంచెం కొంచెం పెడుతుంటే పేచీలు సగానికి సగం తగ్గుతాయి. ఇంటి డబ్బాల్లో తీసుకువెళ్తే పారవేయడానికి ప్లాస్టిక్ కవర్లు ఉండవు. అరటి తొక్కలతో సహా తీసుకువెళ్లిన ప్రతి వస్తువును తిరిగి ఇంటికి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి వేరుగా ఉంచండి.

కాళ్లకు మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు గానీ, కాన్వాసు బూట్లు గానీ ఉండాలి. హవాయి చెప్పులు ఇసుకలో జారిపోతాయి, రాళ్ల మీద మడమ బెణికేలా చేస్తాయి. కంబాలకొండకు మాత్రం మేజోళ్లతో సహా పూర్తి బూట్లు, కాళ్లను కప్పే నూలు ప్యాంట్లు వేసుకోండి. ఎర్రమట్టి మరక తెల్లబట్టను ఒక పట్టాన వదలదు కనుక ముదురు రంగులు నయం. అందరికీ టోపీ, పెద్దవాళ్లకు చేతికర్ర, ఒక తువ్వాలు, దూది, కట్టు గుడ్డ, పెద్దవాళ్లు రోజూ వేసుకునే మందులు, చార్జింగు నిండా ఉన్న రెండు ఫోన్లు ఉంటే సంచి సిద్ధమైనట్టే.

నడిచే క్రమం

అందరికన్నా ముందు పిల్లలు పరుగెత్తడం, వారి వెనుక తండ్రి, ఎక్కడో చివర అమ్మమ్మ ఒంటరిగా రావడం మన కుటుంబాల్లో మామూలు దృశ్యం. దీనిని మార్చండి. దారి తెలిసిన పెద్దవారు ఒకరు ముందుండాలి, వారి వెనుకే అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఉండాలి, పిల్లలు నడుమ ఉండాలి, చివరన మరో పెద్దవారు ఉండాలి. నెమ్మదిగా నడిచే మనిషి ముందుంటే వెనుకవారి వేగం దానంతట అదే సర్దుకుంటుంది, "నా వల్ల అందరికీ ఆలస్యం" అనే బాధ కూడా వారికి కలగదు. ఆగిన ప్రతిసారీ వెనుక నుంచి ఆఖరి మనిషి వచ్చి చేరాక, ఆ మనిషి ఊపిరి పీల్చుకుని నీళ్లు తాగిన తరువాతనే మళ్లీ కదలాలి. చాలాచోట్ల జరిగేది ఏమిటంటే, ముందున్నవారు విశ్రాంతి తీసుకుని, వెనుకవారు అందుకోగానే లేచి బయలుదేరతారు, దానివల్ల విశ్రాంతి అవసరమైన మనిషికే విశ్రాంతి దొరకదు.

నడుస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నది చక్కని కొలమానం. మాట మధ్యలో ఆయాసం వల్ల ఆగవలసి వస్తుంటే వేగం ఎక్కువైనట్టు లెక్క.

ఎర్రమట్టి దిబ్బల్లో

ఈ చోటు గురించి కొంత ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే దీని అందమూ ప్రమాదమూ ఒకే కారణం నుంచి పుట్టాయి. గత మంచు యుగంలో సముద్ర మట్టం చాలా దిగువన ఉన్నప్పుడు, బయటపడిన సముద్రగర్భంలోని ఇసుకను గాలి ఒడ్డుకు మోసుకువచ్చి కుప్పలు పోసిందని భూవిజ్ఞానవేత్తలు చెబుతారు. ఈ దిబ్బల వయసు సుమారు 18,500 నుంచి 20,000 ఏళ్లని అంచనా. ఇసుకలోని ఖనిజాలు శిథిలమై, రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూతలా ఏర్పడడంతో ఈ ఎరుపు వచ్చింది. ఇలాంటి ఎర్ర తీర నిక్షేపాలు దక్షిణాసియాలో తమిళనాడులోని తేరి ఇసుకల్లోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఒక కోసుడు గట్టు ముందు పిల్లలను నిలబెట్టి, పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గట్టి ఉండలు కలిసిన గోధుమ ఎరుపు ఎలా మారుతున్నాయో చూపించండి.

ఇది రాయి కాదు, సరిగా గట్టిపడని ఇసుక. వాన నీరు దీనిని ఇట్టే కోసివేయడం వల్లనే నిట్టనిలువు గట్లతో లోతైన కాలువలు ఏర్పడ్డాయి. వాన తడిసిన గట్టు ఎప్పుడు విరిగిపడుతుందో చెప్పలేము కనుకనే వాన మరునాడు వెళ్లవద్దన్నాను. పొడి రోజుల్లో కూడా గట్టు అంచున నిలబడనివ్వవద్దు, గట్టు కింద నీడ ఉంది కదా అని అక్కడ కూర్చుని తిండి మూటలు విప్పవద్దు. పిల్లలు గోడలో బొరియలు తవ్వడానికి ఉత్సాహపడతారు, దానిని మాత్రం గట్టిగానే వారించండి.

రెండో ప్రమాదం దారి తప్పడం. ఈ కాలువలు చెట్టు కొమ్మల్లా అల్లుకుని ఉంటాయి, పైగా అన్ని గట్లూ ఒకేలా కనబడతాయి. ఇక్కడ నీటి దారిని అర్థం చేసుకుంటే సగం భయం తీరుతుంది. నీరు పారే దిశకు ఎదురుగా నడుస్తుంటే కాలువ చీలుతూ పోతుంది, అంటే ప్రతి చీలిక దగ్గరా ఎటు వెళ్లాలో ఎంచుకోవాలి. నీరు పారే దిశలో నడుస్తుంటే చిన్న కాలువలన్నీ పెద్దదానిలో కలుస్తూ పోతాయి, ఎంచుకునే పనే ఉండదు. అందువల్ల వెళ్లేటప్పుడు ఎదురుగా నడిచి, వచ్చేటప్పుడు పారే దిశలో వచ్చేటట్టు దారిని ఎంచుకుంటే తిరుగు ప్రయాణం సులువవుతుంది. నేల మీద ఇసుక ముడతలు, వాలు ఎటున్నాయో చూస్తే పారే దిశ తెలుస్తుంది. అలా వీలుపడని చోట ప్రతి చీలిక దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి ఒక ఫొటో తీసుకోండి, ఎందుకంటే తిరిగి వచ్చేటప్పుడు మీ కంటికి కనబడేది వెనుకవైపు దృశ్యమే. ఈ పనిని ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు అప్పగిస్తే వారు ఎంతో బాధ్యతగా చేస్తారు.

ఇక్కడి నుంచి గుప్పెడు మట్టి కూడా ఇంటికి తీసుకురావద్దు. మట్టితో ఆడుకోవాలన్న పిల్లల సరదా తీరాలంటే సముద్రపు ఒడ్డుకు తీసుకువెళ్లి ఒక చిన్న అయస్కాంతం చేతికివ్వండి. భీమిలి తీరపు ఇసుకలో ఇల్మనైటు వంటి నల్లటి బరువు ఖనిజాలు, గులాబి రంగు గార్నెట్ రేణువులు కలిసి ఉంటాయి. అల వెనక్కి వెళ్లినచోట నల్లగా చారలు కట్టిన పొడి ఇసుకను అరచేతిలోకి తీసుకుని అయస్కాంతాన్ని పైపైన తిప్పితే నల్ల రేణువులు కొన్ని దానికి మీసాల్లా నిక్కపొడుచుకుని అంటుకుంటాయి, మిగిలిన ఇసుకలో గులాబి రంగు తేటగా బయటపడుతుంది. మా అమ్మాయి ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని అరగంట సేపు అదే పని చేసింది, పక్కన మా నాన్నగారు తువ్వాలు పరుచుకుని ఇసుకను చేతిలోకి ఎత్తి పోస్తూ కూర్చున్నారు.

తొట్లకొండ మీద, రాతి తోరణం దగ్గర

1976లో నౌకాదళం ఈ కొండల మీద వైమానిక సర్వే చేస్తున్నప్పుడు ఇక్కడి బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. 1988 నుంచి 1992 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి స్తూపాన్ని, చైత్యాలను, భిక్షువుల గదుల పునాదులను, భోజనశాలను వెలికితీసింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా ఇక్కడ దొరికాయి. వాన నీటిని నిల్వచేయడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. కొండ మీద నీటి ఊట లేని చోట అంతమంది ఎలా బతికారో పిల్లలను ఊహించమని అడిగి, ఆ తరువాత తొట్లను చూపించండి. తొట్ల అంచులు జారుతాయి కనుక పిల్లల చేయి పట్టుకునే చూపించాలి. ఇటుక కట్టడాల మీదకు ఎక్కనివ్వవద్దు.

కొండ దిగి మంగమారిపేట వైపు వెళ్తే ఒడ్డున బండల నడుమ రాతి తోరణం కనబడుతుంది. దాని మీదకు ఎక్కకుండా, దాని కింద నిలబడకుండా దూరం నుంచే చూడండి. పాచి పట్టిన బండల మీద పెద్దవాళ్లను నడిపించవద్దు. ఈ తీరంలో లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు, మనిషిని లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. మోకాలి లోతు నీరే కదా అని పిల్లలను దింపిన ఒడ్డులే ఎన్నో ఇళ్లలో విషాదం నింపాయి కనుక ఇక్కడ స్నానం ఆలోచన పెట్టుకోవద్దు.

కంబాలకొండలో

దాదాపు 71 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యంలో చిరుతలు, కణుజులు, నక్కలు ఉన్నాయి. సందర్శకులకు తెరిచిన భాగంలో వాటి వల్ల భయపడవలసిన పని లేదు, కానీ గుర్తులున్న దారి దాటి అడుగు వేయకూడదు. టిక్కెట్లు, వేళలు, నడక దారుల అనుమతులు అటవీ శాఖ అప్పుడప్పుడు మారుస్తుంది కాబట్టి ముందు రోజే కనుక్కోండి, పొడవైన దారికి వెళ్లదలిస్తే వారి సిబ్బందిని వెంట తీసుకువెళ్లండి. పిల్లలకు పది నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుని ఎన్ని రకాల పిట్టల కూతలు వినబడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టమని చెప్పండి. తొలి రెండు నిమిషాలు గడిస్తే చాలు, మిగిలినవి వాళ్లే అడిగి మరీ కూర్చుంటారు.

ఏదైనా జరిగితే

ఎండదెబ్బ తగులుతున్న పిల్లలు ముందుగా మాటలు తగ్గిస్తారు, చికాకు పడతారు, ముఖం ఎర్రబడుతుంది, కడుపులో తిప్పుతోందంటారు. వెంటనే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ మీద, చంకల్లో తడిగుడ్డ వేసి, గుక్కగుక్కగా ఓఆర్ఎస్ పట్టించండి. మాట తడబడుతున్నా, స్పృహ తప్పుతున్నా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోను చేయండి.

పాము కాటుకు గురైతే కాటు వేసిన చోట కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏవీ చేయవద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసివేసి, ఆ చేయి లేదా కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. మన దేశంలో ఇచ్చే విషహర మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి ఈ నాలుగింటి విషానికీ ఒక్కటే కనుక, ఏ పామో తెలుసుకోవడానికి దానిని వెతుకుతూ సమయం పోగొట్టుకోవలసిన అవసరం లేదు.

పిల్లలు విడిపోతే ఏం చేయాలో బండి దిగిన వెంటనే నేర్పించండి. నాన్న, అమ్మ కనబడకపోతే ఉన్నచోటే ఆగి, దగ్గరలోని చెట్టును పట్టుకుని నిలబడి, గట్టిగా పిలవాలి, వెతుకుతూ తిరగకూడదు. ప్రతి బిడ్డ మెడలో ఒక ఈల ఉంటే గొంతుకన్నా దూరం వినబడుతుంది. ఆ ఈలను ఆటకు ఊదకూడదని, తప్పిపోయినప్పుడు మూడుసార్లు ఊదాలని చెప్పి, బయలుదేరే ముందు ఒకసారి ఊదించి చూడండి.

బండి దగ్గరకు చేరాక తలలు లెక్కపెట్టండి, మిగిలిన నీళ్లతో పిల్లల కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో, మోకాళ్ల వెనుక పిడుదులు, ముళ్లు ఏమైనా ఉన్నాయేమో వెలుతురులో చూడండి. పెద్దవాళ్లు బూట్లు విప్పుకునేటప్పుడు పక్కన కూర్చుని వారి పాదాలను కూడా అలాగే చూడండి, బొబ్బలు లేచినా వారంతట వారు చెప్పరు.